గుట్ట పచ్చబడింది కదా అని నిశ్చింతగా ఉండొచ్చా?

మీ వంటింటి గట్టు మీద పరిచిన నల్లరాయిని ఒకసారి వెలుతురులో చూడండి. నల్లటి రాయి నిండా బంగారు రజను చల్లినట్టు చుక్కలు మెరుస్తుంటే అది మన ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయి. 'బ్లాక్ గెలాక్సీ' అని పేరుపెట్టి దేశదేశాలకు పంపుతున్నారు. ఇంటికి వాడిన సిమెంటు, గోడకు వేసిన సున్నం సంగతి సరేసరి. పిడుగురాళ్ళ, దాచేపల్లి, మాచర్ల వైపు నేలంతా సున్నపురాయే. మన వినుకొండకు ఇంకా దగ్గర్లో అగ్నిగుండాల, బండ్లమోటు వైపు కొండల్లో రాగి, సీసం ఉన్నాయి. ఈ రాగి గురించి తూర్పిండియా కంపెనీలో పనిచేసిన బెంజమిన్ హెయిన్ అనే ఆయన 1814లో లండన్‌లో అచ్చయిన తన పుస్తకంలోనే రాశాడు. తరవాతి కాలంలో బండ్లమోటు దగ్గర సీసం గనిని హిందుస్థాన్ జింక్ సంస్థ కొన్నేళ్ళు నడిపి, ఆపైన మూసేసింది.

రాయి మన ఇంటికి వచ్చింది, సంతోషమే. మరి అది వచ్చిన చోట ఏం మిగిలింది? ఒక పెద్ద గొయ్యి, దాని పక్కనే ఒక పెద్ద గుట్ట. పనికిరాని మట్టి, ముక్కరాళ్ళు పోసి పోసి పెంచిన గుట్ట అది. వాడుకలో 'డంపు' అంటారు. గ్రానైటులో అయితే తీసిన రాయిలో చాలా భాగం బీటలని, మచ్చలని డంపుకే పోతుంది.

ఈ గోతుల్ని, గుట్టల్ని మళ్ళీ మనుషులకీ, పశువులకీ పనికొచ్చే నేలగా చెయ్యడాన్ని పునరుద్ధరణ అంటారు. గొయ్యి పూడ్చడం, గుట్టని మెట్లుమెట్లుగా సర్దడం, పైన మట్టి పరిచి మొక్కలు నాటడం, ఇదీ ఆ పని. ఒక వానాకాలం గడిచేసరికి గుట్ట పచ్చగా కనిపిస్తుంది. బోర్డు పెడతారు, ఫొటో తీస్తారు. 'అమ్మయ్య, అయిపోయింది' అనుకుంటాం.

అసలు చూడాల్సింది అప్పట్నించే నండీ! ముందు వాలు, తరవాత నీటి దారి, ఆ తరవాతే పచ్చదనం. ఈ వరస తిరగబడితే పచ్చటి గుట్ట కూడా జారుతుంది.

ఇది ఆడవాళ్ళకెందుకు అంటారా?

ఆ గుట్టల దగ్గరికి రోజూ వెళ్ళేది ఎవరో ఆలోచించండి. ఆఫీసరు ఏడాదికి ఒకటి రెండుసార్లు జీపులో వస్తాడు. గేదెకు గడ్డి కోసుకోవడానికి, పొయ్యిలోకి పుల్లలు ఏరుకోవడానికి, మేకల్ని తోలుకు వెళ్ళడానికి రోజూ ఆ దారిన పోయేది మనవాళ్ళే. బడికి సెలవిస్తే ఆ గుట్టెక్కి జారుడుబండ ఆడేది మన పిల్లలే. నిన్న లేని నెర్రె ఇవాళ కనిపిస్తే ముందుగా కంటపడేది మనకే.

బ్రిటన్‌లో వేల్స్ అనే ప్రాంతంలో ఆబర్‌ఫాన్ అని ఒక చిన్న బొగ్గుగని ఊరు ఉంది. గనిలోంచి తీసిన చెత్తమట్టిని ఊరి పైన కొండ మీద గుట్టలుగా పోశారు. అందులో ఏడో గుట్ట సరిగ్గా నీటి ఊటల మీద పడింది. అడుగున నీరు చేరి చేరి, 1966 అక్టోబరు 21 పొద్దున, పిల్లలు బళ్ళో కూర్చున్న కాసేపటికే గుట్ట బురదై కిందికి ఉరికింది. బడిని, పక్క ఇళ్ళని ముంచేసింది. 144 మంది చనిపోతే అందులో 116 మంది పిల్లలు. గుట్ట మనకి మంచిది కాదని ఊళ్ళో వాళ్ళు అంతకుముందే మొరపెట్టుకున్నారు, వినిపించుకున్న వాళ్ళు లేరు. విచారణ సంఘం తప్పు బొగ్గు బోర్డుదేనని తేల్చింది. గుట్టల భద్రత కోసం అక్కడ 1969లో ప్రత్యేకంగా చట్టమే చేశారు.

అంత దూరం ఎందుకు, మన దేశంలోనే 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లో రాజ్‌మహల్ ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టిగుట్ట విరిగిపడి 23 మంది పోయారు. 2025 ఆగస్టు 3న మన అద్దంకి వైపు బల్లికురవ దగ్గర గ్రానైటు క్వారీలో బండలు కూలి, పొట్టకూటికి ఒడిశా నుంచి వచ్చిన కూలీలు ఆరుగురు చనిపోయారు. ఈ రెండూ పని జరుగుతున్న చోట్ల జరిగినవి. పని ఆగిపోయిన చోటికీ ఈ ప్రమాదం ఉంటుంది. కాకపోతే అక్కడ కాపలా కూడా ఉండదు, అదీ తేడా.

మొదటిది: వాలు

చేటలో బియ్యాన్ని నేలమీద ఒకేచోట పొయ్యండి. రాశి కొంత ఎత్తు లేచాక ఇక లేవదు, గింజలు పక్కలకి జారుతూ ఉంటాయి. ఏ రాశికైనా అది తట్టుకోగల వాలు ఒకటి ఉంటుంది. లారీలోంచి గుమ్మరించిన రాళ్ళు, మట్టి కూడా అంతే. ఇంచుమించు 35 డిగ్రీల దగ్గర ఆగుతాయి. ఆగాయంటే గట్టిగా ఉన్నాయని కాదు, ఇప్పటికి జారలేదని మాత్రమే. ఒక జోరువాన పడినా, అడుగున ఎవరైనా మట్టి తవ్వుకుపోయినా మళ్ళీ జారతాయి.

అందుకే గనులకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు గుట్ట మొత్తం వాలు 28 డిగ్రీలు దాటకూడదని షరతు పెడుతుంటారు. అంటే అడుగు ఎత్తు లేవాలంటే దాదాపు రెండడుగుల అడ్డం ఉండాలన్నమాట. ఎత్తైన గుట్టని ఒకే వాలుగా వదిలెయ్యకుండా మధ్యమధ్య వెడల్పాటి మెట్లు కూడా కట్టాలి. కొత్తగూడెం, రామగుండం వైపు వెళ్ళినవాళ్ళు సింగరేణి మట్టిగుట్టలు అలా మెట్లుమెట్లుగా ఉండడం చూసే ఉంటారు.

దీన్ని కొలవడానికి ఇంజనీరే రానక్కర్లేదు. పిల్లాడి జామెట్రీ బాక్సులో కోణమానిని ఉంటుంది చూడండి, అది చాలు. దాని తిన్నటి అంచు మధ్యనున్న చిన్న బెజ్జంలో దారం కట్టి, దారం చివర ఒక తాళంచెవి వేలాడదియ్యండి. గుట్టకి పక్కగా, దూరంగా నిలబడండి. కోణమానినిని తిరగేసి, తిన్నటి అంచు పైకి వచ్చేలా పట్టుకుని, ఆ అంచుని గుట్ట వాలుకి సమంగా కంటితో సరిచూడండి. నేల చదునుగా ఉంటే దారం 90 దగ్గర నిలుస్తుంది. దారం 90కి ఎంత ఇవతలికి జరిగితే వాలు అన్ని డిగ్రీలు. 62 దగ్గర నిలిస్తే వాలు 28. 55కి వచ్చిందంటే వాలు 35. ఆ గుట్ట బాగా నిటారుగా ఉందన్నమాట.

గుట్ట ఎక్కి మాత్రం కొలవొద్దు. పక్కనుంచి, దూరంనుంచే.

ఇంకా ఏం చూడాలంటే:

గుట్ట పైన అంచుకి సమాంతరంగా, వంకీ తిరిగినట్టు బీట కనిపిస్తే అది అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక. లోపల ఒక ముక్క విడిపోయి కిందికి దిగడానికి సిద్ధంగా ఉందని అర్థం. వారం తరవాత చూస్తే ఆ బీట వెడల్పయితే, లేదా ఒక పక్క నేల కుంగితే ఇక ఆలస్యం చెయ్యకూడదు.

గుట్ట అడుగున నేల ఉబ్బెత్తుగా పొంగితే అదీ అలాంటిదే. పైనుంచి వచ్చే బరువు అడుగుని తోసేస్తోందన్నమాట.

నాటిన చెట్లు, పాతిన కంచె స్తంభాలు అన్నీ ఒకే వైపు వాలిపోతుంటే కింద నేల మెల్లగా కదులుతోందని అనుమానించాలి.

మన ప్రాంతానికి ఇంకో సంగతి కూడా ఉంది. మనది నల్లరేగడి. ఎండాకాలం మన చేలు నెర్రెలిచ్చి చెయ్యి పట్టేంత సందులవుతాయి, వాన పడితే ఉబ్బి జిగటవుతాయి. పత్తికి అది బంగారమే. అదే మట్టిని గుట్ట వాలు మీద మందంగా పరిస్తే వేసవిలో విడిచిన నెర్రెల్లోంచి మొదటి వాన నీరు నేరుగా లోపలికి దిగిపోతుంది. పైపొర బరువెక్కి కింది రాళ్ళమీద జారుతుంది. అందుకని రేగడి పరిచిన వాలుని మృగశిర కార్తెకి ముందే ఒకసారి చూసుకోవాలి.

రెండోది: నీరు

మిరప వేసే ఇంటి ఆడవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. తుపాను వానకి చేలో రెండురోజులు నీరు నిలిస్తే వేరు కుళ్ళి మొక్క తలవాల్చేస్తుంది. అందుకే చాళ్ళు తీసి, చివర బోదె తవ్వి నీటికి దారి చూపిస్తాం. గుట్టకి కూడా అంతే. నీటికి మనం దారి చూపించకపోతే అదే దారి చేసుకుంటుంది. గుట్టల్ని జార్చేది ఎక్కువగా ఆ నీరే.

సరిగ్గా చేసిన గుట్టకి చుట్టూ దండ వేసినట్టు ఒక కాలువ ఉండాలి. ఇంజనీర్లు కూడా దాన్ని 'గార్లాండ్ డ్రెయిన్' అనే అంటారు. పైనుంచి వచ్చే నీటిని మెట్లమీంచి ఆ కాలువలోకి దించడానికి రాళ్ళు పరిచిన తూములుండాలి. కాలువ నేరుగా చెరువులోకో వాగులోకో పోకుండా మధ్యలో ఒక గుంట ఉండాలి. మురికినీళ్ళు బిందెలో పెడితే మన్ను అడుక్కి దిగినట్టు, ఆ గుంటలో ఒండ్రు దిగి తేరిన నీరే ముందుకు పోవాలి. గుట్ట అడుగున రాతిగోడ కట్టాలి. దానికి నీరు బయటికి రావడానికి కంతలుండాలి, అవి మూసుకుపోకుండా ఉండాలి.

మనం చూడాల్సినవి ఇవి. కాలువలో మట్టి పూడిపోయిందా? ప్లాస్టిక్ సంచులు, కంప అడ్డం పడ్డాయా? మెట్లమీద నీరు మడుగులు కట్టిందా? మెట్టు లోపలివైపుకి కొంచెం వాలి ఉండి, నీటిని తూము దగ్గరికి చేర్చాలి. బయటి అంచు మీంచి పారితే రెండు వానలకే గండి పడుతుంది. వాలు మీద వేలెడు లోతు గీతలు ఉంటే గడ్డితో, రాళ్ళతో సరిచెయ్యొచ్చు. మోకాలిలోతు గండ్లయితే మాత్రం నీటిదారి వేసిన తీరులోనే లోపం ఉన్నట్టు.

అన్నిటికన్నా ముఖ్యం గుట్ట అడుగున ఊట. వానలు ఆగి పదిహేను రోజులైనా ఒకచోట చెమ్మ ఆరకపోతే, తుంగ మొలిస్తే, అక్కడ లోపల నీరుందని తెలుసుకోవాలి. ఆ ఊట తేటగా వస్తుంటే కనిపెడుతూ ఉండాలి. మట్టిరంగులో వస్తుంటే గుట్టని లోపల్నించి కోసుకొస్తోందని అర్థం. అలాంటప్పుడు పిల్లల్ని, పశువుల్ని ఆ కిందికి పోనివ్వకండి. వెంటనే ఊళ్ళో చెప్పండి.

బొగ్గు గనుల దగ్గర పచ్చదనాన్ని ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలతో కూడా లెక్కగడుతున్నారు. మంచిదే. కానీ ఆకాశంలోంచి చూసే కంటికి ఆకులు కనిపిస్తాయి గానీ గుట్ట అడుగున మట్టిరంగు ఊట కనిపించదు. అది చూడాలంటే మనిషి వెళ్ళాల్సిందే.

మూడోది: పచ్చదనం

మొక్కలు నాటడం తేలిక, నిలబెట్టడమే కష్టం. గనిమట్టిలో సారం ఉండదు, రాళ్ళే ఎక్కువ. అందుకే తవ్వడం మొదలుపెట్టేటప్పుడే పైనున్న సారవంతమైన మన్నుని విడిగా తీసి దాచాలి, చివర్న దాన్నే పరచాలి. పచ్చడికి తీసిన మొదటి నూనెలాంటిది ఆ పైమన్ను, ఒకసారి పారబోస్తే మళ్ళీ దొరకదు.

వాలుని పట్టి ఉంచేది ముందుగా గడ్డి. చెట్టు వేరు లోతుకి పోవడానికి ఏళ్ళు పడుతుంది, గడ్డి ఒక వానాకాలంలోనే పైమన్నుని అల్లుకుంటుంది. వట్టివేరు ఇందుకు మహా మంచిది. దాని వేళ్ళు నిలువుగా లోతుకి దిగుతాయి, వరసగా నాటితే చిన్న కట్టలా మట్టిని ఆపుతుంది. స్టైలో లాంటి పప్పుజాతి పశుగ్రాసం వేస్తే నేలకి సారం, గేదెకి మేత. ఆ తరవాత కానుగ, వేప, రేగు, సీతాఫలం, వెదురు లాంటివి వెయ్యాలి. ఇవి మన నేలకి, మన ఎండకి అలవాటు పడినవి.

ఒకే రకం చెట్లు బారులుబారులుగా వేసి, కింద నేల బోడిగా ఉంటే మురిసిపోకండి. దూరానికి అడవిలా ఉంటుంది, కింద మట్టి మాత్రం ప్రతి వానకీ కొట్టుకుపోతూ ఉంటుంది. చెట్టుని కాదు, చెట్టు కింద చూడండి. గడ్డి ఉందా, రాలిన ఆకు నిలిచి కుళ్ళుతోందా, చీమలు, వానపాములు చేరాయా? ఎవరూ నాటకుండా తమంతట తాము మొలిచిన మొక్కలున్నాయా? ఉంటే ఆ నేల బతికినట్టే.

నాటిన గోతులు వంద లెక్కపెట్టి అందులో ఎన్ని మొక్కలు బతికున్నాయో చూడండి. ఆ లెక్క మొదటి వేసవి దాటాక చూడాలి, నాటిన నెలలో చూస్తే అన్నీ బతికే ఉంటాయి. చచ్చినవాటి బదులు మరుసటి ఏడు మళ్ళీ నాటాలి. మొక్కలు గట్టిపడేదాకా మేకల్ని తోలొద్దు. ఈ మాట మనవాళ్ళకి మనమే చెప్పుకోవాలి.

గొయ్యి సంగతి, మెత్తటి మట్టి సంగతి

పూడ్చని గోతుల్లో నీరు నిలిచి చెరువులైతే ఎండాకాలం పనికొస్తాయి. కాకపోతే అవి మన ఊరి చెరువులాంటివి కావు. ఊరి చెరువు గట్టునుంచి మెల్లగా లోతవుతుంది. క్వారీ గొయ్యి అంచునుంచే నిలువులోతు. కాలు జారితే పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా ఉండదు. చుట్టూ కంచె, ఒకవైపు ఏటవాలు దారి లేకపోతే పునరుద్ధరణ పూర్తయిందని ఒప్పుకోకూడదు.

ఇక సీసం, రాగి లాంటి లోహాల గనుల్లో రాయిని పిండిచేసి లోహం తీశాక మెత్తటి ఇసుకలాంటి మట్టి మిగులుతుంది. అలాంటి మట్టి ఎక్కడిదైనా అంట్లు తోమడానికో, వాకిట్లో పరవడానికో, అరుగు పూతకో ఇంటికి తెచ్చుకోకండి. అందులో మిగిలిన సీసం దుమ్ముతో పిల్లల చేతులకంటి నోట్లోకి పోతుంది. పిల్లల ఒంట్లో సీసం ఇంత ఉంటే ఫరవాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చదువు మీద, మెదడు మీద దెబ్బకొడుతుంది. అలాంటి మట్టిని మంచి మన్నుతో కప్పి, గడ్డి పెంచి, దుమ్ము లేవకుండా చెయ్యాలి. ఆ చుట్టుపక్కల ఆడి వచ్చిన పిల్లలకి సబ్బుతో చేతులు కడిగించాకే అన్నం పెట్టండి.

ఎప్పుడెప్పుడు చూడాలి?

ఏడాదికి నాలుగుసార్లు చాలు. మే నెలాఖరున ఒకసారి, బీటలు, కాలువ పూడిక చూడ్డానికి. మొదటి పెద్ద వాన పడిన మర్నాడు ఒకసారి, గండ్లు చూడ్డానికి. అక్టోబరు, నవంబరు తుపానుల తరవాత ఒకసారి, ఊటలు చూడ్డానికి. మార్చిలో ఒకసారి, బతికిన మొక్కలు లెక్కపెట్టడానికి. పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే ఒక పేజీ కేటాయించి తేదీ, చోటు, చూసింది రాసుకోండి. నోటిమాటకన్నా తేదీ వేసిన కాగితానికి విలువెక్కువ. ఫోనులో అదే చోటు నుంచి ప్రతిసారీ ఒక ఫొటో తీస్తే ఇంకా మంచిది.

ఎవరికి చెప్పాలి?

తవ్వినవాళ్ళే బాగుచెయ్యాలన్నది ఇప్పుడు చట్టం. సున్నపురాయి, సీసం లాంటి ఖనిజాల గనులకి మూసివేత ప్రణాళిక 2003 నుంచి తప్పనిసరి. అందుకు పూచీగా గనివాళ్ళు ముందే డబ్బు హామీ పెట్టాలి. దాన్ని చూసేది నాగపూరులో కేంద్ర కార్యాలయం ఉన్న ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్. బొగ్గు గనులకి 2009లో మార్గదర్శకాలు వచ్చాయి. గ్రానైటుకి 1999 నాటి నియమాలున్నాయి, వాటిని రాష్ట్ర గనుల శాఖ చూస్తుంది. తవ్విన నేలని గడ్డి, మేత, మొక్కలు పెరిగేలా తిరిగి చెయ్యాలని 2020 జనవరి 8న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. గేదెలున్న ఇంటివాళ్ళు ఈ తేదీ గుర్తుపెట్టుకోండి.

పర్యావరణ అనుమతి పొందిన గనులు షరతులు ఎలా పాటిస్తున్నాయో ఆరునెలలకోసారి నివేదిక ఇవ్వాలి. గుట్ట వాలు ఎంత, మొక్కలెన్ని అన్నవి అందులో ఉంటాయి. అది కావాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఒక తెల్లకాగితం మీద అడగొచ్చు. వాళ్ళు రాసిన లెక్కని మీ పాలపుస్తకంలో లెక్కతో పోల్చి చూడండి.

అర్జీ ఒకటి పంచాయతీకి, ఒకటి తహశీల్దారుకి, ఒకటి జిల్లా గనుల శాఖకి ఇచ్చి రసీదు తీసుకోండి. వినుకొండ వాళ్ళకైతే జిల్లా కేంద్రం ఇప్పుడు నరసరావుపేట. 2022లో పల్నాడు జిల్లా అయినప్పట్నించీ గుంటూరు దాకా పోనక్కర్లేదు. కొత్త గనికి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే మగవాళ్ళని పంపి ఊరుకోకుండా మనమూ వెళ్ళాలి. ఉద్యోగాలెన్ని ఇస్తారని అందరూ అడుగుతారు. 'మీరు వెళ్ళాక గుట్ట వాలు ఎంత ఉంటుంది? నీళ్ళు ఎటు పోతాయి? ఎన్నేళ్ళు కనిపెట్టుకుని ఉంటారు?' అని అడిగేవాళ్ళు తక్కువ. అవి మనం అడుగుదాం.

జాడీలో ఆవకాయ పెట్టి మూత బిగించి ఊరుకోం కదా! మూడోనాడు తీసి కలుపుతాం, నూనె తేలిందో లేదో చూస్తాం, బూజు కనిపిస్తే వెంటనే తీసేస్తాం. మన పచ్చడికే అంత కాపలా కాస్తే, మన పిల్లలు తిరిగే గుట్టకి ఏడాదికి నాలుగుసార్లు కాపలా కాయలేమా? ఏమంటారు?